గేములన్నీ ఉన్నాయి, ఆడబుద్ధే కావడం లేదు

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 33, ప్రభుత్వ రంగ బ్యాంకులో ఉద్యోగం, ఆరేళ్ల పాప. పాప పడుకున్నాక రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా మాత్రమే ఆవిడకంటూ కాస్త సమయం మిగులుతుంది. ఆ టైములో వీడియో గేములు ఆడడం పెళ్లికి ముందు నుంచీ ఉన్న అలవాటు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పీఎస్4 (టీవీకి తగిలించి ఆడే గేమ్ మిషన్) ఒకటి, మామూలు ల్యాప్‌టాప్ ఒకటి, ఫోన్లో బీజీఎంఐ అనే తుపాకుల గేమ్ ఉన్నాయి. కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో సేల్ పెట్టినప్పుడల్లా కొంటూ పోతే లైబ్రరీలో అరవైకి పైగా గేములు పోగయ్యాయట.

"ఇప్పుడు ఏది తెరిచినా ఇరవై నిమిషాలు దాటడం లేదు. మూసేసి యూట్యూబ్‌లో తప్పక ఆడాల్సిన గేములంటూ వచ్చే వీడియోలు చూస్తూ కూర్చుంటున్నాను. చూస్తుండగానే పదకొండు అవుతుంది. ఏమీ ఆడకుండానే పడుకుంటున్నాను. పడుకున్నాక కోపం వస్తోంది, ఎవరి మీదో తెలియదు" అని రాశారు.

విచర్ 3 అనే పెద్ద కథ గేమ్ మొదలుపెట్టడం, కొంత దూరం వెళ్లి వదిలేయడం చాలాసార్లు జరిగింది. మళ్లీ తెరిస్తే ఏ బటన్ దేనికో గుర్తుండదు, కథ ఎక్కడ ఆగిందో తెలియదు. బీజీఎంఐలో క్రౌన్ ర్యాంకు దాకా వచ్చారు. సీజన్ మారగానే ర్యాంకు దిగిపోతుంది, మళ్లీ ఎక్కాలి. మిషన్లు చేస్తే బహుమతులిచ్చే రాయల్ పాస్ డబ్బు కట్టి కొన్నారు కాబట్టి ఏ రోజు మిషన్లు ఆ రోజు చేయకపోతే డబ్బు దండగ అనిపిస్తుంది. క్లాన్‌లో, అంటే కలిసి ఆడే జట్టులో, పాత స్నేహితులు ఒక్కొక్కరే మానేశారు. మిగిలిన కుర్రాళ్లు "అక్కా, ఆన్‌లైన్ రా" అని మెసేజ్ పెడితే టెన్షన్. పగలంతా బ్రాంచిలో ఇన్సూరెన్స్ టార్గెట్లు, సాయంత్రమైతే పై ఆఫీసు వాళ్లతో వీడియో కాన్ఫరెన్స్.

ఉత్తరం మధ్యలో చిన్ననాటి సంగతులు రాశారు. నర్సంపేటలో వేసవి సెలవుల్లో తమ్ముడితో కలిసి టీవీ గేమ్ పెట్టుకుని కాంట్రా ఆడేవారు. క్యాసెట్ పని చేయకపోతే తీసి, నోటితో ఊది, మళ్లీ పెట్టేవారు. ఇంటర్ చదివేటప్పుడు తమ్ముడికి తోడుగా నెట్ సెంటర్‌కి వెళ్లి వైస్ సిటీ అనే గేమ్ నేర్చుకున్నారు. "మిషన్లు వాడు చేసేవాడు. నా వంతు వస్తే బైకు ఎక్కి, రేడియో పెట్టుకుని, బీచ్ రోడ్డు మీద ఊరికే తిరిగేదాన్ని. గంటకి డబ్బులు కడుతున్నాం, టైము వేస్ట్ చేస్తున్నావని వాడు తిట్టేవాడు." ఆ తమ్ముడు ఇప్పుడు డల్లాస్‌లో ఉంటున్నాడు.

ఆవిడ అడిగినవి ఇవి. ఆడబుద్ధయ్యే కొత్త గేమ్ ఏదైనా ఉందా? వయసుతో పాటు ఇష్టం పోయిందా? "పిల్ల తల్లివి, ఇంకా ఆటలేంటి" అని భర్త అంటున్నారు, ఏం చెప్పాలి? బ్రాంచిలో ఒకాయన రమ్మీ యాప్ వేసుకోమన్నారు, బోర్ కొట్టదట, వేసుకోనా? లేకపోతే పీఎస్4 అమ్మేసి ఊరుకోవడమే మంచిదా?

*

ముందు తేలిగ్గా తేలిపోయేవి చెప్పేస్తాను. రమ్మీ యాప్ వద్దు. డబ్బు పెట్టి ఆడే రమ్మీని తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, పగలంతా అలసిపోయిన మనిషి రాత్రి పదింటికి డబ్బు పెట్టి ఆడితే ఏమవుతుందో, ఖాతాల్లో డబ్బు ఎలా కరిగిపోతుందో రోజూ చూసే మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఆ మాట మళ్లీ వస్తే మర్యాదగా దాటేయండి.

వయసు విషయం. ఇష్టం పోయిన మనిషి రోజూ గంటసేపు గేముల వీడియోలు చూడదు. ఎప్పుడో ఇంటర్‌లో బైకు మీద తిరిగిన బీచ్ రోడ్డు గురించి అంత మురిపెంగా రాయదు. మీ ఇష్టం అలాగే ఉంది. దాన్ని బయటికి రానివ్వకుండా అడ్డుపడుతున్నది వేరే ఉంది.

అదేమిటో చూడాలంటే మీ రోజును ఒక వరసలో పెట్టి చూడండి. పొద్దున బ్రాంచికి వెళ్లగానే ఈ నెల ఎన్ని పాలసీలు చేయాలి, ఎన్ని ఖాతాలు తెరిపించాలి అన్న లెక్క. సాయంత్రం ఎన్ని అయ్యాయో పైవాళ్లకి అప్పజెప్పాలి. ఇంటికొచ్చి వంట, పాప హోంవర్క్. రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ తీస్తే రాయల్ పాస్ మిషన్ల లిస్టు ఎదురవుతుంది: ఇన్ని నిమిషాలు బతకాలి, ఫలానా తుపాకీతో ఇంతమందిని కొట్టాలి. పక్కనే ఎంత పూర్తయిందో చూపించే గీత. అక్కడ క్వార్టర్ అయిపోతే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది, ఇక్కడ సీజన్ అయిపోతే ర్యాంకు కిందికి వస్తుంది. మీరు పగలు చేసే పనే రాత్రి ఇంకో తెర మీద చేస్తున్నారు. ఇరవై నిమిషాలకే విసుగు వస్తోందంటే మీలో లోపం ఏమీ లేదు. రావాల్సిన చోటే వస్తోంది.

విచర్ 3 చాలా మంచి గేమ్. కానీ దాన్ని ఎప్పుడు తెరుస్తున్నారో కూడా చూసుకోవాలి. మ్యాపు తీస్తే నిండా ప్రశ్నార్థకాలు. స్కెల్లిగే దీవుల దాకా వెళ్లినవాళ్లకి తెలుసు, సముద్రం మీద కూడా అవే. పడవ వేసుకుని ఒక్కోదాని దగ్గరికీ వెళ్లడం, నీళ్లలో మునిగి పెట్టె తెరవడం, మళ్లీ పడవ ఎక్కడం. కథకి వాటితో పని లేదు. వదిలేసినా ఏమీ కాదు. కానీ ఏ లెక్కా మిగలకుండా ముగించే అలవాటున్న బ్యాంకు మనిషికి ఆ గుర్తులు పెండింగ్ ఫైళ్లలా కనిపిస్తాయి.

బహుమతి ఆశ ఆటని ఎలా పాడు చేస్తుందో చూపించిన పాత ప్రయోగం ఒకటుంది. లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లో ప్రచురించారు. బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న నర్సరీ పిల్లల్ని తీసుకున్నారు. కొంతమందికి, గీస్తే బంగారు రంగు ముద్రా రిబ్బనూ ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. కొంతమందికి ఏమీ చెప్పకుండా, గీయడం అయ్యాక ఇచ్చారు. ఇంకొంతమందికి అసలు ఇవ్వలేదు. కొన్ని రోజులు పోయాక అదే తరగతిలో రంగు పెన్నులు పెట్టి, ఎవరూ ఏమీ అడగకుండా ఊరికే గమనించారు. బహుమతి మాట ముందే విన్న పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగం సేపే గీశారు. చెప్పకుండా బహుమతి అందుకున్న పిల్లల ఇష్టం తగ్గలేదు. అంటే పాడు చేసింది బహుమతి కాదు, దాని కోసం చేస్తున్నాం అన్న ఆలోచన. మీ రాయల్ పాస్, ట్రోఫీల లెక్క, ఎంత శాతం పూర్తయిందో చూపించే అంకె, అన్నీ ముందే చెప్పి పెట్టిన సర్టిఫికెట్లే.

ఇంకో ముడి కూడా ఉంది. మీకు గేముల్లో ఏది నచ్చుతుందో మీ ఉత్తరంలోనే ఉంది, మీరు పట్టించుకోలేదు. రిచర్డ్ బార్టిల్ అనే బ్రిటిష్ గేమ్ డిజైనర్ 1996లో ఆటగాళ్లని నాలుగు రకాలుగా చూశాడు. గెలిచి లెక్క పూర్తి చేయాలనుకునేవాళ్లు, తిరిగి చూడాలనుకునేవాళ్లు, మనుషుల కోసం ఆడేవాళ్లు, ఎదుటివాణ్ని ఓడించడం కోసం ఆడేవాళ్లు. ఎవరూ పూర్తిగా ఒకే గదిలో ఇమడరు, కానీ ఎటు మొగ్గుతారో తెలుస్తుంది. మీ తమ్ముడు మొదటి రకం. మీరు రెండోదీ మూడోదీ కలిసిన మనిషి. వైస్ సిటీలో మిషన్ అంటూ ఏమీ లేకుండా, రేడియోలో పాట వస్తుంటే, వాన పడుతున్న రోడ్డు మీద బైకు నడుపుకుంటూ పోవడం మీకు ఆట. పక్క స్టూలు మీద తమ్ముడు తిడుతూ కూర్చోవడం కూడా ఆ ఆటలో భాగమే. ఈ రెండూ మీ ఇప్పటి గేముల్లో లేవు. ర్యాంకు కోసం ఆడే బీజీఎంఐ మొదటి, నాలుగో రకం వాళ్లకి పండగ. మీకు స్నేహితులు ఉన్నన్నాళ్లూ బాగుంది. వాళ్లు వెళ్లిపోయారు, మిషన్లు మిగిలాయి.

ఇప్పుడు ఏం చేయొచ్చో చూద్దాం. అన్నీ చేయాలని కాదు. దేనికి ఏమవుతుందో చెబుతాను, మీ ఇంటి వీలు చూసుకోండి.

మొదటి దారి, కొన్నాళ్లు గేములన్నీ ఆపేయడం. చాలామంది ఇదే సలహా ఇస్తారు. పని చేస్తుంది కూడా, కానీ ఆ గంటన్నరలోకి ఏం వస్తుందనే దాని మీద ఆధారపడి ఉంటుంది. ఖాళీగా వదిలితే రీల్స్ వచ్చి కూర్చుంటాయి, అది ఇంకా అలసట. నిద్రకి ఇస్తే మాత్రం లాభమే. ఒక వారం పాపతో పాటే పడుకుని చూడండి. వారం తర్వాత ఆడాలని చేయి లాగితే, ఇన్నాళ్లూ మీకు కావలసింది కొత్త గేమ్ కాదు, నిద్ర అని తెలిసిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నవుట్‌ని ఉద్యోగానికి సంబంధించిన విషయంగానే గుర్తించింది. ఒళ్లు అలిసిపోవడం, పని మీద ఏవగింపు, ఏం చేసినా చేసినట్టు అనిపించకపోవడం దాని లక్షణాలు. మీరు గేముల మీద విసుగు అనుకుంటున్న దాంట్లో బ్రాంచి వాటా ఎంతో తేలడానికి ఈ వారం పనికొస్తుంది.

రెండో దారి, గేములు ఉంచుకుని బీజీఎంఐని మాత్రం మార్చుకోవడం. ఈ సీజన్ రాయల్ పాస్ డబ్బులు ఎలాగూ అయిపోయాయి. మిషన్లు చేసినా ఆ డబ్బు వెనక్కి రాదు, బట్టలూ తుపాకీ రంగులూ వస్తాయి. వాటి కోసం రాత్రుళ్లు కూడా కట్టాలా అన్నది మీరు తేల్చుకోవాలి. వచ్చే సీజన్ పాస్ కొనకండి. ఎప్పుడైనా చేతులు ఊరుకోకపోతే ర్యాంకు జోలికి పోకుండా టీడీఎం (రెండు జట్లు తలపడే చిన్న ఆట) ఒకటి రెండు మ్యాచ్‌లు ఆడి పెట్టేయండి. నష్టం ఏమిటంటే క్రౌన్ పోతుంది, క్లాన్ కుర్రాళ్లు కొన్నాళ్లకి పిలవడం మానేస్తారు. కొంచెం బాధగానే ఉంటుంది, ఉండదని చెప్పను. అందుకే చెప్పకుండా మాయం కావద్దు. "తమ్ముళ్లూ, నాకు రాత్రుళ్లు కుదరడం లేదు, ఆదివారం ఎప్పుడైనా వస్తాను, నా చోటులో వేరేవాళ్లని తీసుకోండి" అని ఒక్క మెసేజ్ పెట్టండి. "ఆన్‌లైన్ రా" అన్న మెసేజ్‌ల టెన్షన్ ఆ రోజుతో సగం తగ్గుతుంది.

మూడో దారి, మీరు అడిగిన కొత్త గేములు. తిరిగి చూసే మనిషికి సరిపడేవి, పీఎస్4లోనో మామూలు ల్యాప్‌టాప్‌లోనో ఆడగలిగేవి చెబుతాను.

అన్నిటికంటే ముందు ఎ షార్ట్ హైక్ చూడండి. 2019లో వచ్చింది, తర్వాత పీఎస్4కీ వచ్చింది. క్లేర్ అనే చిన్న పిట్ట సెలవులకి పిన్ని దగ్గరికి ఒక దీవికి వస్తుంది. ముఖ్యమైన ఫోన్ కాల్ కోసం ఎదురుచూస్తుంటుంది, దీవిలో సిగ్నల్ ఉండదు. కొండ మీదికెక్కితే దొరుకుతుంది. అంతే కథ. బంగారు ఈకలు దొరికిన కొద్దీ ఇంకా పైకి ఎక్కగలుగుతుంది. కొండ మీద నుంచి రెక్కలు చాపి దూకితే గాలిలో తేలుతూ ఏ ఒడ్డుకైనా దిగొచ్చు. నేరుగా ఎక్కేయొచ్చు, లేదా దారిలో చేపలు పడుతూ, పోగొట్టుకున్నవాళ్ల వస్తువులు వెతికిపెడుతూ తిరగొచ్చు. ఎవరూ తొందరపెట్టరు. రెండు మూడు రాత్రుల్లో అయిపోతుంది. ఒక గేమ్‌ని చివరిదాకా చూసి చాలా రోజులైన మీకు ఆ ముగింపు అవసరం. పాప పక్కన కూర్చున్నా ఇబ్బంది లేదు.

కథ కావాలనుకుంటే ఫైర్‌వాచ్, 2016ది. 1989 వేసవి, అమెరికాలో వయోమింగ్ అడవులు, మంటలు వస్తున్నాయేమో చూస్తూ టవర్ మీద కాపలా కాసే మనిషి. తోడు వాకీటాకీలో వినిపించే ఒక గొంతు మాత్రమే. నాలుగైదు గంటల గేమ్, అడవిలో నడకే ఎక్కువ. మొదటి నిమిషాలు బరువుగా ఉంటాయి, అతని భార్య జబ్బు గురించి. ముగింపు కొందరికి నచ్చలేదు. మాటలు పెద్దవాళ్లవి, కాబట్టి పాప పడుకున్నాకే.

అన్‌ప్యాకింగ్ 2021లో వచ్చింది. అట్టపెట్టెలు విప్పి సామాను సర్దడమే పని. కానీ అవన్నీ ఒకే అమ్మాయివి, 1997లో చిన్నపిల్ల గది నుంచి 2018 దాకా ఆమె మారిన ఇళ్లన్నీ. ఒక ఇంట్లో అబ్బాయి సామాను అప్పటికే నిండి ఉంటుంది, ఆమె పట్టా ఫ్రేము పెట్టడానికి గోడ మీద చోటు దొరకదు. వెతికి వెతికి మంచం కింద పెట్టాలి. ఒక్క మాట లేకుండా ఆ సంసారం మొత్తం అర్థమైపోతుంది. టైమర్ లేదు. అయితే ఇంట్లో రోజంతా సర్దుతూనే ఉన్నాను, ఇక్కడ కూడానా అనిపించే రోజులుంటాయి. ఆ రోజు తెరవకండి.

మీ బైకూ రేడియోకి దగ్గరి చుట్టం మాత్రం యూరో ట్రక్ సిమ్యులేటర్ 2. 2012లో వచ్చిన గేమ్, ఇంకా ఆడుతూనే ఉన్నారు. యూరప్ రోడ్ల మీద లారీ నడపడం, వానలో వైపర్లు, రాత్రి హైవే దీపాలు. రేడియోలో ఇంటర్నెట్ స్టేషన్లు వస్తాయి, మీ దగ్గరున్న పాటలు కూడా పెట్టుకోవచ్చు. అందులోనూ బ్యాంకు లోన్లు, డెలివరీ గడువులు ఉన్నాయి, అది ముందే చెబుతున్నాను. సొంత ట్రక్కు వచ్చాక సరుకు లేకుండా ఊరికే తిరగనిస్తుంది, మీరు చేయాల్సింది అదే. ల్యాప్‌టాప్ మోయకపోతే ఫోన్లో బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా ఉంది. జావా రోడ్ల మీద మన ఆర్టీసీ బస్సుల రంగులు వేసుకుని తిప్పేవాళ్లు మన దగ్గర చాలామంది. ఫోన్లోనే ఆల్టోస్ ఒడిస్సీలో జెన్ మోడ్ అని ఒకటుంది. స్కోరు ఉండదు, నాణేలు ఉండవు, పడిపోతే లేచి మళ్లీ జారుకుంటూ పోవడమే. నిద్రపోయే ముందు పది నిమిషాలకి చాలు.

స్టార్‌డ్యూ వ్యాలీ పేరు మీకు అందరూ చెప్పే ఉంటారు. ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగేళ్లకి పైగా కూర్చుని చేసిన గేమ్ అది, 2016లో వచ్చింది. నాకు ప్రాణం. అయినా ఇప్పుడే మీకు చెప్పడానికి సందేహిస్తున్నాను. పొలం, ఊరు, చేపలు అన్నీ ప్రశాంతంగానే ఉంటాయి గానీ ఆటలో రోజు చాలా చిన్నది, పంటలకి సీజన్ గడువు ఉంటుంది, మూడో ఏడాది మొదట్లో తాతయ్య ఆత్మ వచ్చి ఎంత సాధించావో చూస్తుంది. లెక్కలు వేసే చేతికి అది మళ్లీ టార్గెట్ అయిపోతుంది. కొన్ని నెలలు ఆగి మొదలుపెట్టండి.

విచర్ 3 వదలాలని లేకపోతే ఒక పని చేయండి. సెట్టింగుల్లో కష్టం స్థాయిని అన్నిటికంటే కిందికి, కథ కోసమే అని పెట్టిన దానికి దించేయండి. ప్రశ్నార్థకాల వైపు వెళ్లొద్దు. దానివల్ల పోరాటంలో పస తగ్గుతుంది, కథ మాత్రం నడుస్తుంది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడం కంటే ఆగిన చోటు నుంచి వెళ్లడమే మేలు. మర్చిపోయిన కథ రెండు మూడు క్వెస్టుల్లో, అంటే కథలో అప్పగించే పనుల్లో, దానంతట అదే గుర్తొస్తుంది. అదీ కుదరకపోతే వదిలేయండి. ఆ గేమ్‌కి మీరేమీ బాకీ లేరు.

నాలుగో దారి మీ తమ్ముడు. నన్నడిగితే మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మనిషి అతనే. ఆదివారం పొద్దున ఎనిమిదికి డల్లాస్‌లో శనివారం రాత్రి ఎనిమిదిన్నరో తొమ్మిదిన్నరో అవుతుంది, అక్కడ గడియారాలు మార్చే కాలాన్ని బట్టి. ఇద్దరికీ కుదిరే సమయమే. పోర్టల్ 2 అని 2011 నాటి గేమ్ ఉంది, పాత ల్యాప్‌టాప్‌లో కూడా ఆడుతుంది. ఒంటరి కథ కాకుండా ఇద్దరి కోసమే వేరుగా చేసిన కథ ఉంది. రెండు రోబోలు, ఒకరు గోడలో దారి తెరిస్తే ఇంకొకరు అందులోంచి దూకాలి. అవతలివాళ్లు తొందరపడి దారి మూసేస్తే మీరు గుంటలో పడతారు. పడ్డా పోయేదేమీ లేదు, వెంటనే మళ్లీ వచ్చేస్తారు. ఒకరు లేకుండా ఇంకొకరు అడుగు కదపలేరు. కాంట్రాలో ఇద్దరూ ఒకే తెర మీద ఒకే వైపు నిలబడ్డారే, ఆ సుఖం ఇందులో ఉంది. ఇబ్బంది కూడా చెప్పాలి. తమ్ముడికి అక్కడ ఉద్యోగం, సంసారం ఉండి ఉంటాయి. ప్రతి వారం తప్పనిసరి అని పెట్టుకుంటే అది కూడా డ్యూటీ అవుతుంది, ఒక వారం రాకపోతే మనసు చిన్నబుచ్చుకుంటారు. కుదిరినప్పుడు ఆడదాం అనే ఒప్పందం చాలు. అతను గేములే మానేసి ఉంటే బలవంతం చేయకండి. వీడియో కాల్ పెట్టి మీరు ట్రక్కు నడుపుతుంటే పక్కనుండి తిట్టమనండి.

ఇక ఎంచుకోవడం. రాత్రి తొమ్మిదిన్నరకి ఎంచుకోకండి, ఆ టైముకి బుర్ర అలిసిపోయి ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం ఒక గేమ్ ఎంచి, ఇన్‌స్టాల్ చేసి, మిగతావి స్క్రీన్ మీద కనపడకుండా పెట్టేయండి. రాత్రి అదొక్కటే ఉంటుంది: ఆడతారు, లేదా పడుకుంటారు. యూట్యూబ్ వీడియోలు మానలేకపోతే మధ్యాహ్నం భోజనం టైముకి మార్చుకోండి. స్టీమ్‌లో కొన్న గేమ్ కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటలు దాటకుండా ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు, సాధారణంగా ఇచ్చేస్తారు. పీఎస్4 స్టోర్‌లో అలా కాదు, డౌన్‌లోడ్ మొదలుపెడితే తిరిగి ఇవ్వరు. అందుకని అక్కడ సందేహంగా ఉన్నవి సెకండ్ హ్యాండ్ డిస్కు తీసుకోండి, నచ్చకపోతే మళ్లీ అమ్ముకోవచ్చు. అయితే ఇప్పుడే ఏమీ కొనకండి. ఆ అరవైలో నేను చెప్పినవి ఒకటో రెండో ఉండే ఉంటాయి, ముందు వెతకండి.

మీవారి మాట. ఆయన్ని తప్పు పట్టే ముందు ఒకటి ఆలోచించండి. ఈ మధ్య ఆయన చూస్తున్నది మొహం ముడుచుకుని ఫోన్లో మిషన్లు చేసి, విసుక్కుంటూ పడుకునే భార్యని. ఆడి సంతోషంగా లేచిన మిమ్మల్ని ఆయన చూసి చాలా రోజులైంది. "రోజంతా అయ్యాక నాకున్న విశ్రాంతి ఇది, ఈ మధ్య విశ్రాంతిలా లేదు, మార్చుకుంటున్నాను" అని చెప్పండి. వాదనకి దిగాల్సిన అవసరం లేదు. ఒక శనివారం రాత్రి అన్‌ప్యాకింగ్ పెట్టి పక్కన కూర్చోమనండి. ఆయనకి నచ్చకపోయినా మీరు ఏం చేస్తున్నారో తెలుస్తుంది.

ఒక్క విషయం జాగ్రత్తగా చూసుకోవాలి. విసుగు గేముల వరకేనా? తిండి, పాటలు, పాప కబుర్లు, ఇంతకు ముందు నచ్చినవి ఏవీ రుచించకుండా రెండు వారాలకు పైగా ఉన్నా, నిద్ర పట్టకపోయినా, తెల్లవారుజామునే మెలకువ వచ్చి మనసు బరువుగా ఉన్నా అది గేముల సమస్య కాదు. డాక్టరుకి చూపించుకోవాలి. టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. "పడుకున్నాక కోపం వస్తోంది" అన్న మీ వాక్యం చూసే ఇది రాస్తున్నాను. అది అలసట వల్లే కావచ్చు. అయినా ఒకసారి చూసుకోండి.

చివరగా పీఎస్4 అమ్మకం. మార్చి ముగింపు లెక్కలు అయ్యేదాకా ఆ నిర్ణయం తీసుకోకండి. బ్యాంకులో అన్నిటికంటే ఎక్కువ అలిసిపోయే నెలలివి, ఇప్పుడు ఇంట్లో ఏ వస్తువు మీదైనా విసుగే వస్తుంది. అప్పటికి కూడా దుమ్ము పట్టి ఉంటే అమ్మేయండి, తప్పేమీ లేదు. డిస్కులకి విడిగా ధర వస్తుంది. స్టోర్‌లో కొన్న గేములు మాత్రం మీ అకౌంటుకే ఉంటాయి, అమ్మలేరు, రేపెప్పుడైనా ఇంకో మిషన్ కొంటే అందులో వాడుకోవచ్చు. ఇచ్చేముందు సేవ్ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, అకౌంటు తీసేసి, మిషన్‌ని పూర్తిగా ఇనిషియలైజ్ చేసి, అంటే లోపలున్నవన్నీ చెరిపేసి ఇవ్వండి.